సెకండ్ హ్యాండ్‌లో ఏడబ్ల్యూడీ ఫ్యామిలీ కారు కొంటున్నారా? ఇవన్నీ చూశాకే బయానా ఇవ్వండి!

ఆరుగురు మనుషులు, వెనకాల సామాను, సెలవు రోజుల్లో శ్రీశైలం ఘాట్ రోడ్డు, వానాకాలంలో పొలం బాట. వీటన్నిటికీ పనికొచ్చే ఒకే కారు కావాలి. కొత్తది కొనాలంటే బడ్జెట్ సరిపోదు. అందుకే చాలామంది సెకండ్ హ్యాండ్‌లో నాలుగు చక్రాలకూ ఇంజిన్ పవర్ వెళ్లే కారు కోసం వెతుకుతున్నారు. దీన్నే ఆల్ వీల్ డ్రైవ్, షార్ట్‌గా ఏడబ్ల్యూడీ అంటారు.

రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఈ వెతుకులాటకు కారణం ఉంది. సాగర్ రోడ్డు మీద ఉన్నంతసేపు ఏ కారైనా ఒకటే. రోడ్డు దిగి మంచాల, యాచారం వైపు పొలాల్లోకి వెళ్తే మాత్రం లెక్క మారిపోతుంది. ఒక్క వాన పడితే చాలు, మామూలు కారు మట్టిలో దిగబడుతుంది.

అయితే ఒక సంగతి ముందే చెప్పుకోవాలి. మామూలు పాత కారు కొనడంలో పొరపాటు చేస్తే నష్టం వేలల్లో ఉండొచ్చు. ఏడబ్ల్యూడీ కారులో అదే పొరపాటు లక్షల దాకా వెళ్లొచ్చు. ఎందుకంటే ఇందులో అదనపు గేర్ బాక్స్ భాగాలు, అదనపు షాఫ్ట్, వెనక డిఫరెన్షియల్ ఉంటాయి. అవి బాగున్నాయో లేదో పైపైన చూస్తే తెలియదు. ఇక కాగితాల్లో తప్పు జరిగితే పరిస్థితి ఇంకా ఘోరం. కారు అమ్మేసినా కేసు పాత ఓనర్ మీదికే వచ్చిన సందర్భం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ వివరాలు కింద చూద్దాం.

అసలు ఏడబ్ల్యూడీ అంటే ఏంటి? 4×4 కి తేడా ఏంటి?

మామూలు కార్లలో ఇంజిన్ శక్తి ముందు రెండు చక్రాలకో, వెనక రెండు చక్రాలకో వెళ్తుంది. ఏడబ్ల్యూడీలో నాలుగింటికీ వెళ్తుంది. ఇందులో మనకు దొరికేవి ప్రధానంగా మూడు రకాలు.

మొదటిది, అవసరమైనప్పుడు తనంతట తానే పనిచేసేది. మామూలుగా ముందు చక్రాలే కారును లాగుతాయి. ముందు చక్రం జారితే కంప్యూటర్ గమనించి, వెనక ఉన్న ఒక క్లచ్ లాంటి కప్లింగ్‌ను బిగిస్తుంది. అప్పుడు వెనక చక్రాలకూ శక్తి వెళ్తుంది. రెనో డస్టర్ ఏడబ్ల్యూడీ, స్కోడా యేటి 4×4, మారుతి గ్రాండ్ విటారా ఆల్‌గ్రిప్ ఈ పద్ధతిలోవే.

రెండోది, ఎప్పుడూ నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లేది. మధ్యలో ఒక డిఫరెన్షియల్ ఉండి ముందు, వెనక చక్రాల వేగాల తేడాను సర్దుతుంది. 2009లో మన దేశంలోకి వచ్చిన మొదటి తరం ఫార్చ్యూనర్ 4×4 ఇలాంటిదే.

మూడోది, డ్రైవరే స్విచ్‌తోనో లివర్‌తోనో వేసుకోవాల్సిన 4×4. ఇది బురదలో, ఇసుకలో, రాళ్లలో వాడటానికి. గట్టి తారు రోడ్డు మీద దీన్ని వేసుకుని మలుపులు తిప్పితే గేర్ భాగాలు దెబ్బతింటాయి. పాత ఓనర్‌కు ఈ విషయం తెలియక రోడ్డు మీద కూడా 4×4 లో నడిపి ఉంటే, దాని ఖర్చు మీ మీద పడుతుంది.

కాబట్టి కారు చూడటానికి వెళ్లగానే అడగాల్సిన మొదటి ప్రశ్న: ఇందులో ఉన్నది ఈ మూడింట్లో ఏది? అమ్మేవాళ్లకే తెలియకపోతే, కారుతో వచ్చిన ఓనర్ మాన్యువల్ పుస్తకం తీసి చూడండి.

మీకు నిజంగా ఏడబ్ల్యూడీ కావాలా?

చాలామంది దీన్ని సేఫ్టీ అనుకుంటారు. ఇది సగమే నిజం. ఏడబ్ల్యూడీ కారు కదలడానికి, ఎక్కడానికి సాయపడుతుంది. బ్రేక్ వేసినప్పుడు ఆగడానికి మాత్రం సాయపడదు. బ్రేకులు ఏ కారులోనైనా నాలుగు చక్రాలకూ ఉంటాయి. తడి రోడ్డు మీద కారు ఎంత దూరంలో ఆగుతుందో తేల్చేది టైర్లే. అరిగిన టైర్లున్న ఏడబ్ల్యూడీ కంటే మంచి టైర్లున్న మామూలు కారే వానలో నయం.

పైగా ఏడబ్ల్యూడీ కారు బరువు ఎక్కువ. మైలేజీ కొంత తగ్గుతుంది. మార్చాల్సిన ఆయిళ్లు ఎక్కువ.

మీ తిరుగుడంతా ఆదిబట్ల ఆఫీసుకి, ఎల్బీ నగర్‌కి, ఔటర్ మీదుగా ఎయిర్‌పోర్టుకి అయితే దీని అవసరం లేదు. అదే డబ్బుతో తక్కువ తిరిగిన టూ వీల్ డ్రైవ్ కారు వస్తుంది. వారానికి రెండు మూడు సార్లు పొలం బాట పట్టేవాళ్లకి, ట్రాలీ లాగేవాళ్లకి, ఘాట్ రోడ్లు, అడవి దారులు ఎక్కువ తిరిగేవాళ్లకి ఇది పనికొస్తుంది.

మన మార్కెట్‌లో ఏమేం దొరుకుతాయి?

విదేశాల్లో ఫ్యామిలీ కారు అంటే స్టేషన్ వ్యాగన్. అంటే సెడాన్ లాగే కిందికి ఉండి, వెనక డిక్కీ పొడుగ్గా, పైకప్పు దాకా ఉండే కారు. మన దేశంలో ఇది పెద్దగా ఆడలేదు. 1992లో వచ్చిన టాటా ఎస్టేట్, తర్వాత మారుతి బలేనో ఆల్టురా, టాటా ఇండిగో మరీనా, స్కోడా ఆక్టేవియా కాంబి లాంటివి వచ్చి వెళ్లిపోయాయి.

వ్యాగన్ ఆకారం, ఏడబ్ల్యూడీ రెండూ కలిసి వచ్చినవి ఇంకా తక్కువ. వోల్వో వీ90 క్రాస్ కంట్రీ 2017లో, మెర్సిడెస్ ఈ క్లాస్ ఆల్ టెర్రెయిన్ 2018లో వచ్చాయి. ఇవి లగ్జరీ కార్లు. కొన్న ధర తగ్గినా, రిపేరు ధర కొత్త కారు లెక్కలోనే ఉంటుందని గుర్తుంచుకోండి.

చాలామందికి తెలియని ఇంకో కారు ఉంది. 2000ల మొదట్లో జనరల్ మోటార్స్ వాళ్లు షెవర్లే ఫారెస్టర్ పేరుతో ఒక బండి అమ్మారు. అది నిజానికి జపాన్ సుబారు ఫారెస్టర్. నిఖార్సైన ఏడబ్ల్యూడీ వ్యాగన్. అయితే సుబారు మన దేశంలో సొంత షోరూములు పెట్టలేదు. జనరల్ మోటార్స్ 2017 చివరికల్లా ఇక్కడ అమ్మకాలు ఆపేసింది. అంటే కారు చౌకగా దొరికినా సామాన్లు దొరకడం కష్టం. ఇష్టంతో దాచుకునేవాళ్లకి ఓకే. రోజూ పిల్లల్ని స్కూల్లో దింపే కుటుంబానికి వద్దు.

మన దగ్గర ఆ వ్యాగన్ పనిని ఎస్‌యూవీలే చేస్తున్నాయి. సెకండ్ హ్యాండ్‌లో ఎక్కువగా కనిపించేవి ఇవి:

రెనో డస్టర్ ఏడబ్ల్యూడీ: 2014లో వచ్చింది. 1.5 లీటర్ డీజిల్, 6 గేర్ల మాన్యువల్. ఐదుగురికి సరిపోతుంది. టూ వీల్, ఆటో, లాక్ అని మూడు మోడ్‌ల తిరిగే స్విచ్ ఉంటుంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 రూల్ వచ్చాక డీజిల్‌తో పాటు ఏడబ్ల్యూడీ కూడా ఆగిపోయింది. ఆటోమేటిక్, ఏడబ్ల్యూడీ రెండూ ఉన్నాయని ఎవరైనా చెప్తే నమ్మకండి. ఆ డస్టర్‌లో అలాంటిది ఇక్కడ అమ్మలేదు.

మహీంద్రా ఎక్స్‌యూవీ500 ఏడబ్ల్యూడీ: 2011లో వచ్చింది. 2.2 లీటర్ డీజిల్, ఏడు సీట్లు. బయట షెడ్డు మెకానిక్‌లకు కూడా ఈ ఇంజిన్ బాగా తెలుసు. కానీ రోడ్డు మీద కనిపించే ఎక్స్‌యూవీ500లలో ఎక్కువ భాగం టూ వీల్ డ్రైవే. వెనక స్టిక్కర్ చూసి మోసపోవద్దు.

టాటా హెక్సా 4×4: 2017 జనవరిలో వచ్చి 2020లో ఆగిపోయింది. 2.2 లీటర్ డీజిల్, మూడు వరుసల సీట్లు. 4×4 మాన్యువల్‌లో మాత్రమే ఇచ్చారు. ఆటోమేటిక్ హెక్సా అంటే అది టూ వీల్ డ్రైవ్ అని అర్థం.

జీప్ కంపాస్ 4×4: 2017లో వచ్చింది. 2 లీటర్ డీజిల్. ఐదు సీట్లు.

మహీంద్రా ఎక్స్‌యూవీ700 ఏడబ్ల్యూడీ: 2021 నుంచి. డీజిల్ ఆటోమేటిక్‌లో, పై వేరియంట్‌లో మాత్రమే ఇచ్చారు.

మారుతి గ్రాండ్ విటారా ఆల్‌గ్రిప్, టయోటా హైరైడర్ ఏడబ్ల్యూడీ: 2022 నుంచి. రెండూ అన్నదమ్ముల్లాంటి కార్లు. 1.5 లీటర్ పెట్రోల్. మొదట మాన్యువల్‌లోనే వచ్చాయి. ఎక్కువ ఇంధనం ఆదా చేసే స్ట్రాంగ్ హైబ్రిడ్ కార్లు టూ వీల్ డ్రైవ్‌లో వచ్చినవే. ఈ రెండూ కలిపి చెప్తే ఒకసారి ఆగి కాగితాలు చూడండి.

ఇవి కాక ఫార్చ్యూనర్, ఫోర్డ్ ఎండీవర్, స్కోడా కోడియాక్, హోండా సీఆర్‌వీ, హ్యుందాయ్ టూసాన్ కూడా దొరుకుతాయి. ఫోర్డ్ 2021లో ఇండియాలో తయారీ ఆపేస్తున్నట్లు ప్రకటించింది. అలాంటి కారు కొనే ముందు మీకు దగ్గర్లో సర్వీస్ సెంటర్ ఉందా, ఆ మోడల్‌కు సామాన్లు ఎన్ని రోజుల్లో వస్తాయో ఫోన్ చేసి కనుక్కోండి.

మొదట టైర్లు చూడండి.. నాలుగూ ఒకేలా ఉన్నాయా?

ఏడబ్ల్యూడీ కారు ఎలా వాడారో చెప్పేసేది టైర్లే. నాలుగు టైర్లూ ఒకే కంపెనీ, ఒకే సైజు, దాదాపు ఒకే అరుగుదల ఉండాలి. ఎందుకు?

ఒక చిన్న లెక్క చూడండి. ఒక టైరు గట్టు 8 మిల్లీమీటర్లు ఉంది. ఇంకోటి అరిగి 3 మిల్లీమీటర్లకు వచ్చింది. తేడా 5 మిల్లీమీటర్లే. కానీ చక్రం ఒక్కసారి తిరిగితే చుట్టుకొలతలో తేడా సుమారు 31 మిల్లీమీటర్లు అవుతుంది. ఇలాంటి కారు చక్రం కిలోమీటరుకు దాదాపు 470 సార్లు తిరుగుతుంది. అంటే ప్రతి కిలోమీటరుకూ రెండు చక్రాల మధ్య దాదాపు 15 మీటర్ల తేడా. రోడ్డు మీద ఇది కాస్త అటూ ఇటూ కావొచ్చు. కానీ ఈ తేడా మొత్తాన్ని కప్లింగ్, డిఫరెన్షియల్ భరించాలి. అవి వేడెక్కుతాయి, అరిగిపోతాయి.

అందుకే ముందు రెండు కొత్తవి, వెనక రెండు అరిగినవి ఉన్న ఏడబ్ల్యూడీ కారు కనిపిస్తే అనుమానించండి. టైరు పక్కన నాలుగు అంకెల తయారీ తేదీ ఉంటుంది. 2219 అంటే 2019లో 22వ వారం. నాలుగు టైర్ల తేదీలూ నోట్ చేసుకోండి. గట్టు లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గితే చట్ట ప్రకారం ఆ టైరు పనికిరాదు. టైర్లు మార్చాల్సి వస్తే ఈ కారులో నాలుగూ ఒకేసారి మార్చాలి. ఆ ఖర్చును ముందే ధరలోంచి తగ్గించి అడగండి.

టెస్ట్ డ్రైవ్‌లో చేయాల్సిన 6 పనులు

సాగర్ రోడ్డు మీద రెండు కిలోమీటర్లు నడిపి దిగితే అది టెస్ట్ డ్రైవ్ కాదు. కనీసం గంట పెట్టుకోండి. నమ్మకమైన మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి.

1. చల్లటి ఇంజిన్‌తో మొదలుపెట్టండి. మీరు వెళ్లేసరికే కారు స్టార్ట్ చేసి ఉంచితే, కారణం అడగండి. పొద్దున్నే మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడే పొగ, శబ్దం, బ్యాటరీ సంగతి బయటపడుతుంది.

2. తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డు చూడండి. ఇంజిన్, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, 4×4 లైట్లు వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే సమస్య ఉన్నట్లే. అసలు వెలగకపోతే ఇంకా పెద్ద అనుమానం. లైటు కనబడకుండా చేసి ఉండొచ్చు.

3. గుండ్రంగా తిప్పండి. ఇబ్రహీంపట్నం చుట్టూ ఖాళీ వెంచర్ రోడ్లకు కొదవ లేదు. అనుమతి ఉన్న చోట, మనుషులు లేని చోట స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి, నెమ్మదిగా రెండు మూడు రౌండ్లు వేయండి. తర్వాత రెండో పక్కకు. మోడ్ ఆటోలో ఉండాలి, లాక్‌లో కాదు. కారు పట్టేసినట్టు, కుదుపుతూ కదిలినా, కింద నుంచి మూలిగినట్టు శబ్దం వచ్చినా కప్లింగ్‌లోనో డిఫరెన్షియల్‌లోనో తేడా ఉన్నట్లు. చక్రాల దగ్గర టకటకమంటే యాక్సిల్ జాయింట్లు అరిగినట్లు.

4. వదులు మట్టి మీద పరీక్షించండి. లాక్ మోడ్ లేదా 4×4 వేసి మట్టి బాటలో చిన్న ఎత్తు ఎక్కించండి. ముందు చక్రాలు మాత్రమే మట్టి చిమ్ముతూ వెనకవి కదలకుండా ఉంటే ఏడబ్ల్యూడీ పనిచేయడం లేదని అర్థం. దీన్ని కారు దిగి బయట నుంచి ఒకరు చూడాలి. కొంచెం దూరంగా నిలబడి చూడండి.

5. బొంగ్లూర్ దగ్గర ఔటర్ ఎక్కి, వేగ పరిమితి లోపలే 80 దాకా నడపండి. ఏసీ, పాటలు ఆపేయండి. వేగంతో పాటు పెరిగే హోరు వస్తుందా? అది వీల్ బేరింగ్ కావొచ్చు, వెనక డిఫరెన్షియల్ కావొచ్చు. యాక్సిలరేటర్ వదిలినప్పుడు శబ్దం మారితే డిఫరెన్షియల్ మీద అనుమానం పెరుగుతుంది.

6. ర్యాంపు మీద ఎక్కించి కింద చూడండి. ఇది మాత్రం మానొద్దు. ముందు గేర్ బాక్స్ నుంచి వెనక్కి వెళ్లే పొడుగు షాఫ్ట్, మధ్యలోని బేరింగ్, వెనక డిఫరెన్షియల్ చుట్టూ ఆయిల్ తడి ఉందేమో చూడండి. కొన్ని బండ్లలో రిపేరు ఖర్చు తప్పించుకోవడానికి ఆ షాఫ్ట్‌నే పీకేసి, టూ వీల్ డ్రైవ్‌గా నడుపుతుంటారు. స్టిక్కర్ 4×4 అని ఉంటుంది, కింద మాత్రం షాఫ్ట్ ఉండదు.

సర్వీస్ రికార్డులో ఏం వెతకాలి?

ఇంజిన్ ఆయిల్ మార్చారా అని అందరూ అడుగుతారు. ఏడబ్ల్యూడీలో అది చాలదు. ట్రాన్స్‌ఫర్ కేస్ ఆయిల్, వెనక డిఫరెన్షియల్ ఆయిల్, కప్లింగ్ ఆయిల్ ఎప్పుడు మార్చారో అడగండి. కంపెనీ పుస్తకంలో వీటికి గడువులు ఉంటాయి. లక్ష కిలోమీటర్లు తిరిగిన బండిలో ఇవి ఒక్కసారి కూడా మార్చిన బిల్లు లేకపోతే, మార్చలేదనే అనుకోండి.

మీటర్ రీడింగ్‌ను కూడా ఈ బిల్లులతోనే సరిచూసుకోవాలి. ప్రతి సర్వీస్ బిల్లు మీద ఆ రోజు కిలోమీటర్లు ఉంటాయి. 2021లో 92 వేలు ఉన్న బండి ఇవాళ 78 వేలు చూపిస్తే ఇక మాట్లాడేదేముంది? బ్రేక్ పెడల్ రబ్బరు, స్టీరింగ్ తోలు, డ్రైవర్ సీటు అంచు కూడా నిజం చెప్తాయి.

బీఎస్6 డీజిల్ అయితే ఇంకో మాట. పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఉంటుంది. రోజూ చిన్న చిన్న దూరాలే తిరిగిన బండిలో ఇది మూసుకుపోతుంది. కాబట్టి ఊళ్లోనే తక్కువ తిరిగిన డీజిల్ కారు అన్నిసార్లూ మంచిది కాదు. హైవే మీద క్రమంగా తిరిగిన బండే మేలు కావొచ్చు. పాత పెట్రోల్ కారైతే 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కు అది సరిపోతుందో లేదో కంపెనీ పుస్తకంలో చూసుకోండి.

వరదలో మునిగిన కారా? ఇలా పట్టేయండి

2020 అక్టోబర్ వరదల్లో హైదరాబాద్‌లో ఎన్నో కాలనీలు నీట మునిగాయి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ, మున్నేరు పొంగి ఖమ్మం మునిగాయి. 2023 డిసెంబర్‌లో చెన్నై మునిగింది. అప్పుడు నీళ్లలో నానిన కార్లన్నీ తుక్కుకు వెళ్లలేదు. కొన్ని తుడిచి, పాలిష్ పెట్టి మళ్లీ మార్కెట్‌లోకి వస్తాయి.

సీటు బెల్టును పూర్తిగా చివరిదాకా లాగండి. చివర్లో మట్టి మరక కనిపిస్తే అనుమానమే. స్టెప్నీ కింద గుంటలో సన్నటి ఒండ్రు, సీటు కింద పట్టాల బోల్టులకు తుప్పు, కార్పెట్ కింద ముక్క వాసన, హెడ్‌లైట్ లోపల ఆవిరి చూడండి. అన్ని అద్దాలు మూసి పది నిమిషాలు ఉంచి, తలుపు తీసి వాసన చూడండి.

ఏడబ్ల్యూడీకి ప్రత్యేకంగా ఇంకో పరీక్ష ఉంది. వెనక డిఫరెన్షియల్ నుంచి కొంచెం ఆయిల్ తీయించండి. అది పాలు కలిపిన టీలా కనిపిస్తే లోపలికి నీళ్లు వెళ్లినట్లే. ఆ బండి వదిలేయండి. ఇన్సూరెన్స్ కంపెనీలో పాత క్లెయిమ్‌ల వివరాలు కూడా ఓనర్ ద్వారా తెప్పించుకోండి.

ఢిల్లీ కారు చౌక.. నిజమేనా?

ఢిల్లీ చుట్టుపక్కల పదేళ్లు దాటిన డీజిల్ కార్ల మీద, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ కార్ల మీద ఏళ్లుగా కోర్టు ఆంక్షల సమస్య ఉంది. అందుకే అక్కడ డీజిల్ ఎస్‌యూవీలు ముందుగానే అమ్మేస్తుంటారు. ధర చూస్తే కళ్లు తిరుగుతాయి. మన దగ్గర అదే కారు కంటే బాగా తక్కువ.

కానీ ఆ ధర మీ ఇంటి ముందు కారు నిలబడే ధర కాదు. అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 ద్వారా ఎన్‌వోసీ తెచ్చుకోవాలి. తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ కట్టాలి. కొత్త నంబర్ కోసం ఫారం 27 ఇవ్వాలి. లైఫ్ ట్యాక్స్ కారు వయసును, ధరను బట్టి మారుతుంది. మీ కారుకు ఎంత పడుతుందో రవాణా శాఖ ఆఫీసులో అడిగి, రాసుకున్నాకే బేరం మొదలుపెట్టండి. దానికి కారు తెచ్చే ఖర్చు, ఇన్సూరెన్స్, టైర్లు కూడా కలపండి. అప్పుడు లోకల్ కారుతో పోల్చండి. చాలాసార్లు మిగిలే తేడా కొంచెమే.

డీజిల్ అయినా పెట్రోల్ అయినా ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకే. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. 12 ఏళ్ల బండి కొంటే మీ చేతిలో ఉన్నది మూడేళ్లే అని లెక్కేసుకోండి.

కాగితాలు: అసలు ప్రమాదం ఇక్కడే

మన దగ్గర ఎక్కువగా జరిగేది ఇదీ. కన్సల్టెన్సీలో కారు ఇచ్చేటప్పుడు ఓనర్ ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి వెళ్లిపోతాడు. కారు ఇద్దరు ముగ్గురు చేతులు మారుతుంది. ఆర్సీ మాత్రం మొదటి ఓనర్ పేరు మీదే ఉంటుంది.

2018లో సుప్రీంకోర్టు ఇలాంటి కేసులోనే తీర్పు ఇచ్చింది. కారు ఒకరి తర్వాత ఒకరికి అమ్ముడైంది. పేరు మారలేదు. యాక్సిడెంట్ జరిగింది, ఒకరు చనిపోయారు. రికార్డుల్లో ఎవరి పేరు ఉంటే వాళ్లే ఓనర్ అని, నష్టపరిహారం బాధ్యత వాళ్లదేనని కోర్టు తేల్చింది. అంటే అమ్మిన మనిషి, కారు తన చేతిలో లేకపోయినా, ఇరుక్కుపోయాడు.

కొనేవాళ్లకూ నష్టమే. రేపు కారు పోతే, యాక్సిడెంట్ అయితే క్లెయిమ్ కష్టం. ఓనర్ ఏదైనా అప్పులో ఉంటే మీ కారు మీదికి గొడవ వస్తుంది.

చట్టం ఏం చెప్తోంది? ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవాళ్లు 14 రోజుల్లో, వేరే రాష్ట్రానికి అమ్మితే 45 రోజుల్లో ఆర్టీఏకి తెలపాలి. కొన్నవాళ్లు 30 రోజుల్లో తమ పేరు మీదికి మార్చుకోవడానికి దరఖాస్తు చేసుకోవాలి. ఇందుకు ఫారం 29, ఫారం 30 కావాలి. ఇన్సూరెన్స్ పాలసీని మీ పేరు మీదికి మార్చమని 14 రోజుల్లో కంపెనీకి అప్లై చేయాలి. ఓనర్‌కు ఉన్న నో క్లెయిమ్ బోనస్ ఆ మనిషిదే, కారుతో పాటు మీకు రాదు. కాబట్టి ప్రీమియం పెరుగుతుంది.

2023 ఏప్రిల్ 1 నుంచి ఇంకో రూల్ ఉంది. పాత కార్లు అమ్మే డీలర్లు రవాణా శాఖ నుంచి అధికార పత్రం తీసుకోవాలి. ఓనర్ కారును అలాంటి డీలర్‌కు ఇచ్చినప్పుడు ఫారం 29సీ ద్వారా ఆన్‌లైన్‌లో తెలియజేస్తే, అమ్ముడయ్యే దాకా బాధ్యత డీలర్‌దే. కన్సల్టెన్సీకి వెళ్తే ఆ పత్రం చూపించమని అడగండి. అడగడంలో తప్పేం లేదు.

బయానా ఇచ్చే ముందు ఇవి చూడండి:

ఆర్సీలో ఉన్న ఛాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్ కారు మీద ఉన్నవాటితో కలుస్తున్నాయా? నంబర్ చుట్టూ గీసినట్టు, వెల్డింగ్ చేసినట్టు ఉంటే ఆగిపోండి.

ఆర్సీలో ఫైనాన్స్ పేరు ఉందా? ఉంటే బ్యాంకు ఎన్‌వోసీ, ఫారం 35 తీసుకుని ఆ పేరు తీయించాకే పూర్తి డబ్బు ఇవ్వండి.

పెండింగ్ చలాన్లు ఉన్నాయా? పోలీసుల ఈ-చలాన్ వెబ్‌సైట్‌లో నంబర్ కొడితే తెలిసిపోతుంది.

దొంగ బండా? నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో వాళ్ల వాహన్ సమన్వయ్ సేవలో చూసుకోవచ్చు.

కంపెనీ రీకాల్ ఏమైనా ఉందా? ఛాసిస్ నంబర్‌తో కంపెనీ వెబ్‌సైట్‌లోనో సర్వీస్ సెంటర్‌లోనో అడగండి. రీకాల్ పని ఉచితంగా చేస్తారు.

నంబర్ ప్లేట్ చూసి కంగారు పడొద్దు. 2014కు ముందువి ఏపీ, తర్వాతవి టీఎస్, 2024 మార్చి నుంచి టీజీ. మూడూ చెల్లుతాయి. డబ్బు మాత్రం బ్యాంకు ద్వారానే, ఆర్సీలో పేరున్న మనిషి ఖాతాలోకే వేయండి.

ధర ఎలా మాట్లాడాలి?

ఓనర్ కొన్నప్పుడు ఎంత పెట్టాడన్నది మీకు అనవసరం. 2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద కార్ల మీద సెస్ తీసేసి జీఎస్టీ 40 శాతం చేశారు. అంతకుముందు పన్ను అంతకంటే ఎక్కువ. కాబట్టి ఇవాళ్టి కొత్త కారు ధరతోనే పోల్చండి, పాత ఇన్వాయిస్‌తో కాదు.

ఇద్దరు వ్యక్తుల మధ్య అమ్మకానికి జీఎస్టీ లేదు. రిజిస్టర్ అయిన డీలర్ మాత్రం తన లాభం మీద 18 శాతం కడతాడు, కారు మొత్తం ధర మీద కాదు. "జీఎస్టీ అదనం" అని మొత్తం ధర మీద అడిగితే ఒప్పుకోవద్దు.

ఒక కాగితం తీసుకుని ఇలా రాయండి. అడిగిన ధర. దానికి నాలుగు టైర్లు, అన్ని ఆయిళ్లు, బ్రేకులు, బ్యాటరీ, ఇన్సూరెన్స్, ట్రాన్స్‌ఫర్ ఫీజు కలపండి. ఆ పైన మొదటి ఏడాది అనుకోని రిపేరు కోసం కొంత పక్కన పెట్టండి. ఆ మొత్తం మీ బడ్జెట్‌లో ఉంటేనే ముందుకెళ్లండి. ఆ రిపేరు డబ్బు కూడా కారులోనే పెట్టేస్తే, రేపు కప్లింగ్ పోయినప్పుడు కారు షెడ్డులో, మీరు అప్పులో ఉంటారు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు

మంచు పడే రాష్ట్రాల్లో ఉంటున్న తెలుగు కుటుంబాల్లో సుబారు అవుట్‌బ్యాక్ లాంటి వ్యాగన్ కొనేవాళ్లున్నారు. అక్కడ రూల్ ఇదే. నాలుగు టైర్లూ ఒకేలా ఉండాలి. పాత 2.5 లీటర్ ఇంజిన్లలో హెడ్ గ్యాస్కెట్ లీకు బాగా తెలిసిన సమస్య, అది మార్చిన బిల్లు అడగండి. 17 అక్షరాల విన్ నంబర్‌తో ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ వెబ్‌సైట్‌లో రీకాల్‌లు ఉచితంగా చూసుకోవచ్చు. టైటిల్ మీద సాల్వేజ్ అని ఉంటే, అంటే ఒకసారి టోటల్ లాస్ అయిన బండైతే, చౌక అని తొందరపడొద్దు.

కొన్నాక ఇవి మర్చిపోవద్దు

మొదటి వారంలోనే ఇంజిన్, గేర్ బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్, డిఫరెన్షియల్ ఆయిళ్లు అన్నీ మార్చించండి. టైర్లు కంపెనీ చెప్పిన గడువులో ముందుకీ వెనక్కీ మార్పిస్తూ ఉండండి. గాలి సమానంగా ఉంచండి. కారు ఆగిపోతే రెండు చక్రాలు లేపి లాక్కెళ్లనివ్వొద్దు. నాలుగు చక్రాలూ పైన ఉండే ఫ్లాట్ బెడ్ లారీనే పిలవండి. లేకపోతే కదలని చక్రాలు, తిరిగే చక్రాల మధ్య పడి కప్లింగ్ దెబ్బతింటుంది.

చెరువు అలుగు పారుతున్నప్పుడు, వాగు రోడ్డు మీదికి వచ్చినప్పుడు ఏడబ్ల్యూడీ ఉంది కదా అని దిగొద్దు. పారే నీళ్లలో కారు తేలిపోతుంది. అప్పుడు చక్రాలు నాలుగు తిరిగినా రెండు తిరిగినా ఒకటే.

చివరిగా ఒక్క మాట. ఇవాళ కొనకపోతే ఈ బండి పోతుందని తొందర పెట్టేవాళ్ల దగ్గర కొనొద్దు. ర్యాంపు మీద ఎక్కించనివ్వని ఓనర్ దగ్గరా కొనొద్దు. పాత కార్లు రోజూ వస్తుంటాయి. కుటుంబం కూడబెట్టుకున్న డబ్బు మాత్రం రోజూ రాదు.